ప్లేట్‌లెట్స్ తగ్గితే అన్నీ డెంగీ కాదు: ఫ్యాక్టర్ హెచ్ గురించి మీ ప్రశ్నలు

ఆ మధ్య ఈ శీర్షికలో పిల్లల కిడ్నీ జబ్బుల గురించి రాస్తూ ‘ఫ్యాక్టర్ హెచ్ అనే ప్రోటీన్ పని చేయకపోయినా ఇలా అవుతుంది’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ ఒక్క వాక్యానికే ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. ఈసారి పేజీ మొత్తం దానికే. మొదటి ఉత్తరం పెద్దది, జవాబు కూడా పెద్దదే, ఓపిగ్గా చదవండి.

డాక్టరు గారూ, మా బాబుకి ఎనిమిదేళ్లు. రెండు రోజులు జ్వరం, వాంతులు. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం కోలా రంగులో వచ్చింది. కామెర్లనుకుని పక్క ఊరికి తీసుకెళ్లి పసరు తాగించాం. తగ్గలేదు. రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్స్ నలభై వేలు, డెంగీ అన్నారు, బొప్పాయి ఆకు రసం కూడా పోశాం. మూడో రోజుకి మూత్రం తగ్గిపోయి ముఖం ఉబ్బింది. హైదరాబాద్ తీసుకొస్తే డయాలసిస్, ఏడుసార్లు ప్లాస్మా మార్పిడి చేశారు. యాంటీ ఫ్యాక్టర్ హెచ్ యాంటీబాడీ అని రాశారు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, మందులు వాడుతున్నాం. అసలు ఈ ఫ్యాక్టర్ హెచ్ ఏమిటి? పసరు తాగించడం వల్లే ఇలా అయ్యిందా? వాడికి ఇమ్యూనిటీ తక్కువా, పొడులేమైనా ఇవ్వాలా? మళ్లీ వస్తుందా, చెల్లెలికి వస్తుందా?
— ఒక తల్లి, కరీంనగర్ జిల్లా

అమ్మా, ముందు మీరు కింద రెండు గీతలు గీసిన ప్రశ్న సంగతి చూద్దాం. పసరు వల్ల ఈ జబ్బు రాలేదు. మీరు తాగించేటప్పటికే లోపల మొదలైపోయింది, కళ్లు పచ్చబడింది దానివల్లే. కాకపోతే పసరుకీ ఆకు రసానికీ పోయిన రోజులు ఈ జబ్బులో చాలా విలువైనవి. అది మీ ఒక్కరి తప్పు కాదు, ప్లేట్‌లెట్స్ అంకె ఒక్కటే చూసి డెంగీ అనేసినవాళ్లది కూడా. ఆ సంగతి కిందకి వస్తా.

మన రక్తంలో కాంప్లిమెంట్ అని ముప్పైకి పైగా ప్రోటీన్ల గుంపు ఒకటి ఉంది. చాలా భాగం లివర్‌లో తయారవుతుంది. యాంటీబాడీలు తయారు కావాలంటే రోజులు పడుతుంది కదా, ఇది అంతసేపు ఆగే రకం కాదు. ఇందులో ముఖ్యమైనది సీ3. ఇది ఎవరూ పిలవకపోయినా రక్తంలో ఎప్పుడూ కొద్దికొద్దిగా దానంతటదే విచ్చుకుంటూ ఉంటుంది. అలా విచ్చుకోవడం మొదలైతే వచ్చే సీ3బీ అనే ముక్క దగ్గర్లో ఏ కణం ఉంటే దానికి పల్లేరుకాయలా అతుక్కుపోతుంది. అది బ్యాక్టీరియానా మన కణమా అని చూడదు. అతుక్కున్న చోటే ఇంకో రెండు ప్రోటీన్ల సాయంతో ఒక చిన్న యంత్రంలా మారి మరిన్ని సీ3లను కోస్తుంది, అంటే ఒక పల్లేరుకాయ వంద పల్లేరుకాయల్ని పుట్టిస్తుందన్నమాట, నిమిషాల్లో ఆ కణం ఒళ్లంతా నిండిపోతుంది, చివరికి దాని గోడకి రంధ్రాలు పడతాయి. బ్యాక్టీరియా విషయంలో ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. మరి మన ఎర్ర కణానికో, రక్తనాళం లోపలి పొరకో అతుక్కుంటే?

అక్కడ పనిచేసేదే ఫ్యాక్టర్ హెచ్. ఇరవై పూసలు గుచ్చిన దండలా ఉంటుంది. తలవైపు నాలుగు పూసలు సీ3బీని పట్టుకుంటాయి. తోకవైపు చివరి రెండు పూసలు మన కణాల మీద ఉండే సయాలిక్ యాసిడ్ లాంటి గుర్తుల్ని పట్టుకుంటాయి. ఒక చేత్తో మనిషిని, ఇంకో చేత్తో మనిషికి అంటుకున్న పల్లేరుకాయని పట్టుకున్నట్టు. అప్పుడు ఫ్యాక్టర్ ఐ అనే ఇంకో ప్రోటీన్ కత్తెరలా వచ్చి దాన్ని కత్తిరించేస్తుంది. అక్కడ యంత్రం అప్పటికే తయారైపోయి ఉంటే దాన్ని ఊడదీసేది కూడా ఫ్యాక్టర్ హెచ్చే. చాలా బ్యాక్టీరియాల మీద ఆ గుర్తులుండవు కాబట్టి వాటి మీద పల్లేరుకాయలు అలాగే ఉండిపోతాయి. మన కణాలు బతికి ఉండటం, సూక్ష్మజీవులు చావడం, రెండూ ఈ గుర్తింపు మీదే ఆధారపడ్డాయి.

మీ బాబు ఒంట్లో జరిగింది ఇదీ: సూక్ష్మజీవుల మీద తయారు కావలసిన యాంటీబాడీ పొరపాటున ఫ్యాక్టర్ హెచ్ మీదే తయారైంది. అది ఎక్కువగా పట్టుకునేది ఆ తోక పూసల్నే. దాంతో రక్తంలో ఫ్యాక్టర్ హెచ్ ఉన్నా, మన కణాన్ని గుర్తుపట్టే చెయ్యి కట్టేసినట్టయింది. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నటి నాళాల లోపలి పొర దెబ్బతింది. అక్కడ చిన్న చిన్న గడ్డలు కట్టడానికి ప్లేట్‌లెట్స్ ఖర్చయిపోయాయి, ఆ గడ్డల సందుల్లోంచి దూరే ఎర్ర కణాలు చిరిగి ముక్కలయ్యాయి (పచ్చబడిన కళ్లు, ముదురు మూత్రం దానివే, లివర్‌వి కావు), వడపోత మూసుకుపోయి, కిడ్నీ బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగింది. దీన్నే ఎటిపికల్ హెచ్‌యూఎస్ (హీమోలైటిక్ యురేమిక్ సిండ్రోమ్) అంటారు. రక్త విరేచనాల తర్వాత, కొన్ని రకాల ఈ.కోలి, షిగెల్లా విషం వల్ల వచ్చే హెచ్‌యూఎస్ వేరు.

ఇప్పుడు డెంగీ సంగతి. ప్లేట్‌లెట్స్ రెండింటిలోనూ తగ్గుతాయి, అందుకే పొరబడతారు. కానీ తీవ్రమైన డెంగీలో రక్తంలోని నీరు బయటికి కారిపోయి రక్తం చిక్కబడుతుంది, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) పెరుగుతుంది. ఇక్కడ ఎర్ర కణాలే చచ్చిపోతున్నాయి కాబట్టి హీమోగ్లోబిన్ పడిపోతుంది. పిల్లవాడు పాలిపోయి, మూత్రం రంగు మారి, ప్లేట్‌లెట్స్ తగ్గితే ఆ రోజే క్రియాటినిన్, ఎల్‌డీహెచ్ (కణాలు చిట్లితే రక్తంలో పెరిగే ఎంజైమ్), స్మియర్ (రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) చేయించాలి. స్మియర్‌లో చిరిగిన ఎర్ర కణాలు కనిపిస్తే ఇక బొప్పాయి ఆకు దగ్గర ఆగకూడదు. ఇంకోటి, డెంగీ అనుకుని గబగబా ప్లేట్‌లెట్స్ ఎక్కించేస్తారు చూడండి, ఈ జబ్బులో ప్రమాదకరమైన రక్తస్రావం ఉంటేనో, ఏదైనా ప్రొసీజర్‌కి తప్పనిసరైతేనో తప్ప సాధారణంగా ఆ పని చేయరు.

మన దేశంలో ఈ రకం చాలా ఎక్కువ అన్నది అందరు డాక్టర్లూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట. 2014లో మన దేశంలోని చాలా ఆసుపత్రుల పిల్లల డాక్టర్లు కలిసి ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి యాంటీబాడీ ఉన్న పిల్లలు 138 మంది. వాళ్లు చూసిన హెచ్‌యూఎస్ కేసుల్లో అది 56 శాతం. యూరప్‌లో అయితే ఎటిపికల్ రకంలో పదో వంతు దగ్గరే ఉంటుంది. ఈ పిల్లల్లో చాలామందికి ఫ్యాక్టర్ హెచ్ పక్కనే ఉండే సీఎఫ్‌హెచ్‌ఆర్1 అనే జీన్ రెండు కాపీలూ ఉండవు. కానీ అది లేనివాళ్లు ఆరోగ్యంగా మన మధ్య బోలెడంత మంది తిరుగుతున్నారు, కాబట్టి జబ్బుకి అదొక్కటే కారణం కాదు.

ప్లాస్మా మార్పిడి ఎందుకు చేశారంటే, అది ఒకేసారి రెండు పనులు చేస్తుంది. ఆ యాంటీబాడీని బయటికి తీసేస్తుంది, దాత ప్లాస్మాతో మంచి ఫ్యాక్టర్ హెచ్ లోపలికి ఇస్తుంది. ఎంత త్వరగా మొదలుపెడితే కిడ్నీ అంత బాగా కోలుకుంటుంది, అదే అధ్యయనం చెప్పిన ముఖ్యమైన సంగతి కూడా. కానీ యాంటీబాడీ తయారీ ఆగకపోతే మళ్లీ మొదటికే వస్తుంది కాబట్టి స్టెరాయిడ్, సైక్లోఫాస్ఫమైడ్ లేదా రిటుక్సిమాబ్, తర్వాత చాలాకాలం మైకోఫెనొలేట్ లాంటి మాత్రలు ఇస్తారు.

ఇక పొడులు. అమ్మా, మీ బాబుకి ఇమ్యూనిటీ తక్కువై ఈ జబ్బు రాలేదు, దారి తప్పి వచ్చింది. ఇప్పుడు మీరు నెలనెలా డబ్బు పోసి కొంటున్న మందులన్నీ దాన్ని తగ్గించడానికే, అలాంటప్పుడు ఇంకో చేత్తో ‘ఇమ్యూనిటీ బూస్టర్’ డబ్బా కొనడం ఏమిటి? కరోనా తర్వాత ఈ మాట ఎంత అమ్ముడుపోతోందో చూస్తుంటే నాకు చిరాకేస్తుంది. ఆ డబ్బాల్లో చాలావాటికి ఏ ఇమ్యూనిటీనీ పెంచే శక్తి లేదు, అదొక్కటే ఊరట. మామూలు ఇంటి భోజనం పెట్టండి, ఉప్పు ఎంతో మీ డాక్టర్ని అడగండి.

మళ్లీ రావచ్చా అంటే రావచ్చు, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో. అందుకే యాంటీబాడీ స్థాయి అప్పుడప్పుడూ కొలుస్తారు, అది పెరుగుతుంటే ముందే జాగ్రత్తపడతారు. జ్వరమొచ్చిన ప్రతిసారీ మూత్రం రంగు, ముఖం పాలిపోవడం గమనించండి, అనుమానం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించండి. బాగున్నాడు కదా అని మాత్రలు మీరే ఆపకండి, స్టెరాయిడ్ అసలే ఆపకూడదు. టీకా వేయించేటప్పుడు ఈ మందులు వాడుతున్నాడని చెప్పండి, ప్రాణమున్న వైరస్‌తో చేసిన టీకాలు ఈ టైములో వేయరు. చెల్లెలి గురించి టెన్షన్ పడకండి. ఇది అంటుకునేది కాదు, యాంటీబాడీ రకం నేరుగా వారసత్వంగా వచ్చేదీ కాదు. ఫ్యాక్టర్ హెచ్ జీన్‌లోనే లోపం ఉండే రకం వేరే ఉంది, కుటుంబాల్లో కనిపించేది అది. మీ బాబుకి జీన్ పరీక్ష కూడా చేశారో లేదో మీ నెఫ్రాలజిస్టుని ఒకసారి అడగండి.

డాక్టర్ గారికి నమస్కారం. నాకు 71 ఏళ్లు, రిటైర్డ్ హైస్కూల్ టీచర్ని. అమెరికాలో ఉన్న మా అబ్బాయి నేను వెళ్లినప్పుడు సరదాగా ఉమ్మి పరీక్ష చేయించాడు. ఫ్యాక్టర్ హెచ్ జీన్‌లో వై402హెచ్ రెండు కాపీలు ఉన్నాయని, కళ్లకు ప్రమాదమని వచ్చింది. ఇక్కడ కంటి డాక్టర్ చూసి రెటీనాలో చిన్న పసుపు చుక్కలున్నాయి, చూపు బాగానే ఉంది అన్నారు. నేను గుడ్డివాణ్ణి అవుతానా? మీరేమో ఫ్యాక్టర్ హెచ్ కిడ్నీ జబ్బు అని రాశారు, నాకు కిడ్నీలు కూడా పోతాయా?
— తెనాలి

మాస్టారూ, కిడ్నీల భయం వదిలేయండి. పైన చెప్పిన పూసల దండలో మీ తేడా ఏడో పూసలో ఉంది. 402వ స్థానంలో టైరోసిన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ ఉంది, అంతే. కిడ్నీ జబ్బులో దెబ్బతినేది ఎక్కువగా చివరి రెండు పూసలు. ఒకే ప్రోటీన్, కానీ ఏ పూస చెడిందన్న దాన్నిబట్టి జబ్బు మారిపోతుంది, నాకైతే ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా నచ్చే విషయం ఇదే.

ఈ ఏడో పూస రెటీనా కింది పొరను పట్టుకోవడంలో సాయపడుతుంది. ఆ పట్టు సడలితే అక్కడ ఏళ్ల తరబడి చాలా తక్కువ స్థాయిలో కాంప్లిమెంట్ రాజుకుంటూనే ఉంటుంది. మీ డాక్టర్ చూసిన పసుపు చుక్కల్ని డ్రూసెన్ అంటారు, వాటిలో కాంప్లిమెంట్ ప్రోటీన్లు కూడా దొరికాయి. వయసుతో రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు మాక్యులర్ డీజనరేషన్‌కీ ఈ జీన్‌కీ ఉన్న సంబంధం 2005లో బయటపడింది, అమెరికాలో వేర్వేరు బృందాలు కొద్ది నెలల తేడాలో అదే మాట చెప్పాయి. వాటిలో ఒక బృందం చూసింది కేవలం 96 మంది రోగుల్ని, 50 మంది జబ్బు లేనివాళ్లని. లక్షకు పైగా జీన్ గుర్తుల్ని జల్లెడ పడితే ఇది దొరికింది. అంత తక్కువ మందిలోనే తేలిందంటే దీని ప్రభావం ఎంత గట్టిదో ఊహించుకోండి.

అయినా గుడ్డితనం అని రాసిపెట్టినట్టు కాదు. రెండు కాపీలుంటే ప్రమాదం సుమారు ఐదారు రెట్లు అంటారు, ఆ లెక్కలు ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ల మీద కట్టినవి. రెండు కాపీలుండీ ఎనభై ఏళ్లకి పేపరు చదివేవాళ్లున్నారు. సిగరెట్, చుట్ట ఉంటే ఈ రోజే మానేయండి, మన చేతిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా చెడ్డది అదే. గళ్ల కాగితం ఒకటి (ఆమ్స్‌లర్ గ్రిడ్ అని కంటి ఆసుపత్రిలో ఇస్తారు) గోడకి అంటించి, ఒక్కో కన్నూ విడివిడిగా మూసి చూడండి, గీతలు వంకరగా కనిపించినా మధ్యలో మచ్చ వచ్చినా ఆలస్యం చేయకుండా రెటీనా డాక్టర్ దగ్గరికెళ్లండి. నీరు, రక్తం చేరే రకానికి కంట్లో ఇంజెక్షన్లు మన ఊళ్లలోనూ ఇస్తున్నారు, బాగానే పనిచేస్తాయి. కంటి విటమిన్ మాత్రలు మధ్య దశకి చేరినవాళ్లకే ఉపయోగం, మీరు కొనాలో వద్దో డాక్టరే చెప్పాలి. పొర ఎండిపోయే రకానికి కాంప్లిమెంట్‌ని ఆపే రెండు ఇంజెక్షన్లకి 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది, అవి జబ్బు నడకని నెమ్మది చేస్తాయి తప్ప పోయిన చూపుని తేవు.

మనవళ్లకి ఉమ్మి పరీక్ష చేయించొద్దు. యాభై దాటాక వచ్చే జబ్బు గురించి పదేళ్ల పిల్లాడికి ఇప్పుడే చెప్పి ఏం చేస్తాం?

సర్, నేను బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. కాంప్లిమెంట్ అంటే పొగడ్త అనుకునేదాన్ని! ఆ పేరు ఎలా వచ్చింది? నాగుపాము విషంతో కాంప్లిమెంట్‌ని మొత్తం ఖాళీ చేయొచ్చని మా లెక్చరర్ చెప్పారు, నిజమేనా?
— అనంతపురం

స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా తల్లీ, పరీక్షలో ‘ఇ’, ‘ఐ’ జాగ్రత్త. యాంటీబాడీ పనిని పూర్తి చేసేది అన్న అర్థంలో పాల్ ఎర్లిక్ పెట్టిన పేరది. దాని మీద మూల పరిశోధన చేసిన బెల్జియం శాస్త్రవేత్త జూల్ బోర్డేకి 1919 నోబెల్ వచ్చింది. ఫ్యాక్టర్ హెచ్‌ని వేరు చేసింది చాలా తర్వాత, 1965లో.

నాగుపాము సంగతి నిజమే. దాని విషంలో అచ్చం సీ3బీలా నటించే ప్రోటీన్ ఒకటుంది. మన ప్రోటీన్లతో కలిసి అదే యంత్రాన్ని కడుతుంది, కానీ ఫ్యాక్టర్ హెచ్ దాన్ని ఊడదీయలేదు. మన సొంత యంత్రం నిమిషంన్నరలో సగానికి తగ్గితే పాము యంత్రం గంటల తరబడి తిరుగుతూనే ఉండి ఉన్న సీ3 అంతా కోసేస్తుంది. ల్యాబుల్లో జంతువుల కాంప్లిమెంట్ ఖాళీ చేయడానికి దీన్ని శుద్ధి చేసి వాడతారు. పాము కరిస్తే మనిషి చనిపోయేది దీనివల్ల కాదు, ఊపిరి కండరాలు చచ్చుబడటం వల్ల. ఫ్యాక్టర్ హెచ్ లేకపోతే ఏమవుతుందో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు, ఎస్సే ప్రశ్న వస్తే రాయి.

ఫ్యాక్టర్ హెచ్ తక్కువైతే ఇంజెక్షన్‌గా ఇవ్వొచ్చు కదా, ఇన్సులిన్‌లాగా?
— ఖమ్మం

మంచి ప్రశ్న. నార్వేలో ఒక జాతి పందుల్లో పిల్లలు కొన్ని వారాలకే కిడ్నీలు పాడై చచ్చిపోయేవి. 1990ల్లో చూస్తే వాటికి పుట్టుకతోనే ఫ్యాక్టర్ హెచ్ లేదు, సీ3 అంతా ఊరికే ఖర్చయిపోతోంది. మంచి పందుల ప్లాస్మా ఇస్తే ఎక్కువకాలం బతికాయి. అంటే మీ ఆలోచన సరైనదే. కానీ ఇన్సులిన్ చిన్న ప్రోటీన్, ఇది చాలా పెద్దది, రక్తంలో ఉండాల్సిన మోతాదూ ఎక్కువే. అందుకే ఇప్పటికి ప్లాస్మాతోనే గడుపుతున్నాం. లేదా ఫ్యాక్టర్ హెచ్ ఆపాల్సిన దాన్ని ఇంకోచోట ఆపుతున్నారు, ఎకులిజుమాబ్ అనే మందు (కాంప్లిమెంట్‌లోనే సీ5 అనే ఇంకో ప్రోటీన్‌ని ఆపుతుంది, ఎటిపికల్ హెచ్‌యూఎస్‌కి అమెరికాలో 2011లో అనుమతి) అలాంటిదే. దాని ధర మాత్రం మధ్యతరగతి ఇల్లు అమ్ముకున్నా సరిపోయేది కాదు.

మేము డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయి ఈ ఏడాది కాలేజీకి వెళ్తోంది. మెనింజైటిస్ బి టీకా కాగితంలో ‘ఫ్యాక్టర్ హెచ్‌ని పట్టుకునే ప్రోటీన్’ ఉందని రాశారు. మీ వ్యాసం చదివాక భయమేసింది. మన ఫ్యాక్టర్ హెచ్‌ని ఆ టీకా పాడుచేయదా?
— ఒక తండ్రి

మీరు కాగితం చదివారు, దానికే ముందు అభినందనలు. ఆ ప్రోటీన్ మనది కాదు, మెదడు పొరల వాపు (మెనింజైటిస్) తెచ్చే మెనింజోకాకస్ అనే బ్యాక్టీరియాది. ఈ దొంగ మన రక్తంలోకి దిగగానే మన ఫ్యాక్టర్ హెచ్‌ని పట్టుకుని ఒంటినిండా కప్పేసుకుంటుంది. కాంప్లిమెంట్ వచ్చి చూస్తే ‘మనవాడే’ అన్నట్టు కనిపిస్తుంది. పట్టుకునేది కూడా మనిషి ఫ్యాక్టర్ హెచ్‌నే, ఎలుకది దానికి పనికిరాదు. టీకాతో మీ అమ్మాయి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు ఆ పట్టుకునే చేతినే పట్టుకుంటాయి. దొంగకి ముసుగూ దొరకదు, ఒంటి మీద యాంటీబాడీలూ ఉంటాయి, ఇక కాంప్లిమెంట్ తన పని తాను చేస్తుంది.

ఈ బ్యాక్టీరియాలో బి రకానికి ఇంత తిరుగుడు దారి ఎందుకంటే, మిగతా రకాలకి టీకా చేసినట్టు దాని పైతొడుగుతో చేయలేకపోయారు. ఆ తొడుగు సయాలిక్ యాసిడ్ గొలుసు, మన నాడీ కణాల మీద ఉండేదాని లాంటిదే, మన ఒళ్లు దాన్ని పరాయిదిగా చూడదు. అందుకే ట్రుమెన్బా అనే బి టీకాలో ఈ ప్రోటీన్ రెండు రూపాలు పెట్టారు, బెక్సెరో అనే ఇంకో బ్రాండ్‌లో దీనితోపాటు ఇంకొన్ని ఉన్నాయి.

కాలేజీ తప్పనిసరిగా అడిగేది సాధారణంగా ఏసీడబ్ల్యూవై టీకా (ఏ, సీ, డబ్ల్యూ, వై రకాలకి), బి వేరేది. బి టీకా 16 నుంచి 23 ఏళ్లలోపు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోమంటారు, 16–18 మధ్య అయితే మంచిదంటారు. హాస్టల్ గదిలో ఉండబోతోంది కాబట్టి నా కూతురైతే వేయించేవాణ్ణి. ఒకటి కంటే ఎక్కువ డోసులుంటాయి, రెండు బ్రాండ్లూ కలపకూడదు, మొదటిసారి ఏది వేశారో ఆ కార్డు ఫోటో తీసి ఆమె ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ పెట్టుకోండి.